మందు, గంజాయి ఒకే రాత్రి కలిస్తే: కాలేజీ విద్యార్థులు ప్రమాదం తగ్గించుకోవడానికి మార్గదర్శి

మందు ఎంత తాగితే తనకు ఎక్కుతుందో అలవాటున్న ప్రతి విద్యార్థికీ ఒక అంచనా ఉంటుంది. గంజాయి పీల్చేవాళ్లకూ వాళ్ల అంచనా వాళ్లకుంటుంది. రెండూ ఒకే రాత్రి కలిశాయంటే ఆ రెండు అంచనాలూ పనికిరావు. "రోజూ తీసుకునేంతే తీసుకున్నా, ఈసారి ఎందుకిలా అయింది?" అనే ప్రశ్న అక్కడే పుడుతుంది. ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

రెండూ ముట్టకపోవడం అన్నిటికన్నా క్షేమం. ముట్టినా కలపకపోవడం దాని తర్వాతిది. తీసుకోమని చెప్పడానికి నేనిది రాయడం లేదు. కానీ తీసుకుంటున్నవాళ్లున్నారు, వాళ్ల పక్కన కూర్చునే స్నేహితులున్నారు. అర్ధరాత్రి గదిలో ఒకరు స్పృహ లేకుండా పడి ఉంటే "తప్పు చేశావు" అనే మాట వాళ్లను కాపాడదు. ఏం చేయాలో తెలిసిన మనిషి పక్కనుంటే కాపాడగలడు. చాలా దేశాల్లో గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. కేసు పడితే చదువు, ఉద్యోగం, వీసా అన్నీ చిక్కుల్లో పడతాయి. దాన్నీ నష్టాల లెక్కలో వేసుకుని చదవండి.

## 1. ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. పొగ పీలిస్తే నిమిషాల్లో మెదడుకు చేరుతుంది, రెండు నుంచి నాలుగు గంటలు గట్టిగా ఉంటుంది. కుకీలోనో చాక్లెట్‌లోనో కలిపి తింటే కథ మారిపోతుంది. కడుపు, కాలేయం దాటుకుని వెళ్లాలి కాబట్టి ఎక్కడానికి 30 నిమిషాల నుంచి 2 గంటలు పడుతుంది. పైగా కాలేయంలో అది ఇంకా బలమైన రూపంలోకి మారుతుంది. అందుకే తిన్న గంజాయి ఆలస్యంగా ఎక్కినా గట్టిగా ఎక్కుతుంది. 6 నుంచి 8 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు వదలదు.

మద్యం ఒంట్లోకి త్వరగానే చేరుతుంది, ఖాళీ కడుపైతే మరీ త్వరగా. బయటికి పోవడమే నెమ్మది. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే కరిగించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు.

ఇక రెండూ కలిసినప్పటి సంగతి. ముందు మద్యం తాగి, తర్వాత గంజాయి పీల్చినవాళ్ల రక్తంలో టీహెచ్‌సీ స్థాయి, గంజాయి ఒక్కటే పీల్చినప్పటికన్నా ఎక్కువగా ఉన్నట్టు ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో తేలింది. జాయింట్ (గంజాయి చుట్టిన సిగరెట్) అదే, దమ్ములు అన్నే, ఒంట్లోకి చేరేది మాత్రం ఎక్కువ. దీనికి తోడు రెండూ రక్తనాళాలను వదులు చేస్తాయి. కూర్చున్నవాళ్లు లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మడం, చల్లటి చెమట పట్టడం, మొహం పాలిపోవడం అందుకే. గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఆ క్షణంలో "చచ్చిపోతున్నానేమో" అన్న భయం పట్టుకుంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. టీహెచ్‌సీకి వాంతిని అణిచే గుణం ఉంది. కీమోథెరపీతో వచ్చే వాంతుల కోసం దాన్ని ఔషధంగా వాడటానికి అమెరికాలో 1985లోనే అనుమతిచ్చారు. మద్యం మోతాదు మించినప్పుడు వాంతి అనేది ఒంటికున్న రక్షణ. అది ఆలస్యమైతే కడుపులో మిగిలిన మద్యం కూడా రక్తంలోకే పోతుంది. గంజాయి ఎక్కువైతే అదే వాంతులు తెప్పిస్తుంది కూడా, కాబట్టి ఎటూ ఖాయంగా చెప్పలేం. "వాంతి కాలేదుగా, బాగానే ఉన్నాడు" అనే లెక్కను మాత్రం ఈ కలయికలో అస్సలు నమ్మకండి.

## 2. మీ అసలు లెక్క రాసి చూసుకోండి

ఒక వారంలో రెండూ తీసుకోవడం వేరు, ఒకే రాత్రి ఒకదాని మత్తు దిగకముందే రెండోది తీసుకోవడం వేరు. రెండోదే ఎక్కువ ప్రమాదం. మీ విషయంలో ఇది ఎంత తరచుగా జరుగుతోందో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేరు, ఎందుకంటే ఈ రెండూ ముందు దెబ్బతీసేది ఆ రాత్రి జ్ఞాపకాన్నే. అందుకే రెండు వారాలపాటు ఫోన్‌లో రాసుకోండి: ఏది ముందు, ఎన్ని గంటలకు, ఎంత, ఎవరితో, మర్నాడు ఎలా ఉంది. ఆ ఫోన్ ఇంకెవరి చేతికైనా వెళ్తుందన్న భయముంటే మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు వాడండి.

మద్యాన్ని పెగ్గుల్లో కాకుండా గ్రాముల్లో లెక్కేయడం నేర్చుకోండి. పరిమాణాన్ని మిల్లీలీటర్లలో తీసుకుని, సీసా మీద రాసిన శాతంతో గుణించి 100తో భాగించండి. వచ్చినదాన్ని 0.79తో గుణించండి. 5 శాతం బీరు 330 మి.లీ. తాగితే సుమారు 13 గ్రాములు. 40 శాతం విస్కీ 60 మి.లీ. అయితే సుమారు 19 గ్రాములు, అంటే కాలేయానికి రెండు గంటల పని. రాత్రి 8కి మొదలుపెట్టి అలాంటివి మూడు తాగితే 57 గ్రాములు. అది పూర్తిగా పోయేసరికి తెల్లవారుజామున 2 నుంచి 4 అవుతుంది. "తాగి చాలాసేపైందిలే" అనుకుని 11 గంటలకు జాయింట్ అందుకున్నవాళ్ల రక్తంలో ఇంకా ఎంత మద్యం ఉందో ఈ లెక్కే చెబుతుంది.

దీనికి రెండు ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) అనేదానిలో మద్యం గురించి 10 ప్రశ్నలుంటాయి. క్యూడిట్-ఆర్ (CUDIT-R) అనేదానిలో గంజాయి గురించి 8. రెండింటిలో దేనిలోనైనా 8 లేదా అంతకన్నా ఎక్కువ మార్కులు వస్తే అలవాటు హాని చేసే దారిలో పడిందని అర్థం. విడివిడిగా తక్కువే వచ్చినా, రెండూ ఒకేసారి కలుపుతున్నట్టయితే నిశ్చింతగా ఉండకండి.

ఇంకో మాట. విద్యార్థులు తోటివాళ్లు తాగేదాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని పరిశోధనలు పదే పదే చూపించాయి. "అందరూ చేస్తున్నారు" అనిపిస్తుంది కానీ, పార్టీలో గోలగా ఉన్న నలుగురే కంటికి కనిపిస్తారు. గదిలో పడుకుని నిద్రపోతున్నవాళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

## 3. ఎవరు అసలు కలపకూడదు

కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రేనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులున్నవాళ్లు గంజాయికే దూరంగా ఉండాలి, మందుతో కలిపి అయితే చెప్పనక్కర్లేదు. గంజాయి తీసుకున్నప్పుడు ఎప్పుడైనా లేనివి వినిపించడం, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారనిపించడం జరిగి ఉంటే అది హెచ్చరిక. గుండె జబ్బు, మూర్ఛ, పానిక్ అటాక్‌లు ఉన్నవాళ్లకు, గర్భిణులకు కూడా ఇదే మాట.

మాత్రల సంగతి మరీ ముఖ్యం. నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గడానికి ఇచ్చే మాత్రలు, మార్ఫిన్ జాతి నొప్పి మాత్రలు, నిద్రమత్తు తెచ్చే జలుబు, దగ్గు మందులు మద్యంతో కలిస్తే ఊపిరిని నెమ్మది చేస్తాయి, ఆపేయగలవు కూడా. ఆ రోజు ఏ మాత్ర వేసుకున్నా ఆ రాత్రికి మిగతావన్నీ పక్కన పెట్టేయండి. పరీక్షల సమయంలో నిద్రలేక ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకుని, పరీక్షలు అయిపోయిన సాయంత్రమే పార్టీకి వెళ్లడం ప్రత్యేకంగా భయపడాల్సిన సందర్భం.

25 ఏళ్ల దాకా మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఎంత చిన్న వయసులో, ఎంత తరచుగా మొదలైతే నష్టం అంత ఎక్కువ. మొదటి సంవత్సరం పిల్లల చేతికి జాయింట్ అందించే సీనియర్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

## 4. నిర్ణయాలన్నీ బయల్దేరే ముందే తీసుకోండి

రెండో గ్లాసు తర్వాత తీసుకునే నిర్ణయం మీది కాదు, గ్లాసుది. కాబట్టి ఇంట్లోనో గదిలోనో తేటగా ఉన్నప్పుడే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి.

మొదటిది, ఈ రాత్రి ఏదో ఒక్కటే. మొత్తం మార్గదర్శిలో ఒకే ఒక్క సలహా గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని నా కోరిక. ఏది వద్దనుకున్నారో అది ముందే మీ దగ్గరి స్నేహితుడితో చెప్పేయండి.

రెండోది, "వద్దు" అనే మాటను ముందే సిద్ధం చేసుకోండి. పొడుగాటి వివరణ ఇచ్చారో, వాదన మొదలైనట్టే. "మామా, ఇవాళ బీరొక్కటే, రెండూ కలిస్తే నాకు పడదు" అంటే చాలు. "ఏం కాదురా, ఒక్క దమ్ము" అంటే మళ్లీ అదే మాట: "ఇవాళ కాదు మామా." అమ్మాయిల మధ్యయితే "నాకొద్దే, నువ్వు కానీ" అని చేయి అడ్డం పెట్టి మాట మార్చేయడం. మూడోసారి కూడా బలవంతం చేస్తుంటే లేచి బయటికి నడవండి. తిరిగి వచ్చేసరికి జాయింట్ పక్కవాళ్ల చేతిలో ఉంటుంది.

మూడోది, కడుపు నిండా తిని వెళ్లండి. ఇక ఇంటికి ఎలా వస్తారో, బండి ఎవరు నడుపుతారో ముందే తేల్చుకోండి. గుంపులో ఒక్కరైనా ఆ రాత్రి ఏమీ తీసుకోకుండా ఉండాలి. అది ఎప్పుడూ ఒక్కరి మీదే పడకుండా వంతులు వేసుకోండి. "తక్కువ తాగినవాడు" ఏమీ తీసుకోనివాడితో సమానం కాదు.

## 5. ఆ రాత్రి మధ్యలో

ఇంత చెప్పినా కలిపేవాళ్లుంటారు. వాళ్ల కోసం.

రెండింటిలోనూ మీకు అలవాటైన దానికన్నా చాలా తక్కువ, సగం కూడా లేకుండా చూసుకోండి. మందు ఎక్కాక గంజాయి జోలికి పోకండి. రక్తంలో టీహెచ్‌సీ అమాంతం పెరిగేది ఆ వరుసలోనే. అలాగని గంజాయి ముందు పీల్చి తర్వాత తాగితే క్షేమమని అనుకోవద్దు. హైలో ఉన్నప్పుడు నోరు ఎండుతుంది, గొంతు తడుపుకోవడానికి గ్లాసు మీద గ్లాసు తాగేస్తారు, ఎంత తాగారో తెలియదు. నోరు ఎండితే నీళ్లు తాగండి, అందుకు చేతిలో నీళ్ల సీసా పెట్టుకోండి.

ఒక దమ్ము పీల్చాక కనీసం 15 నిమిషాలు ఆగండి. పొగను లోపల బిగబట్టడం వల్ల హై పెరగదు. టీహెచ్‌సీ మొదటి కొన్ని సెకన్లలోనే లోపలికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో పేరుకునేది తారే. తినే గంజాయిని మందుతో అసలు కలపకండి. ఎక్కలేదని ఇంకొకటి తినడం, ఈలోగా రెండు గ్లాసులు తాగడం, గంటన్నర తర్వాత మూడూ కలిసి ఒకేసారి ఎక్కడం. ఈ వరుస చాలా మామూలుగా జరుగుతుంది, ఒకసారి తిన్నాక వెనక్కి తీసే దారి లేదు.

సింథటిక్ గంజాయి పేరుతో దొరికేవి అసలు గంజాయి కావు. ఏదో ఎండుటాకు మీద రసాయనం చల్లినవి. వాటితో మూర్ఛ, గుండెపోటు లాంటివి కూడా వచ్చాయి. మందుతోనే కాదు, దేనితోనూ వద్దు.

పందెం కట్టి తాగే ఆటలకు దూరంగా ఉండండి. మీ గ్లాసు మీరే పోసుకోండి, కంటిముందే ఉంచుకోండి. మత్తులో ఉన్న మనిషి దేనికీ నిజమైన సమ్మతి ఇవ్వలేదు, అడ్డు చెప్పకపోవడం ఒప్పుకోవడం కాదు. స్నేహితురాలిని ఎవరైనా పక్కకు తీసుకెళ్తున్నారనిపిస్తే మొహమాటపడకుండా అడ్డం వెళ్లండి.

## 6. ఎవరికైనా తేడాగా ఉంటే

మొహం పాలిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరుగుతున్నాయంటూ ఉన్నా మాట్లాడుతున్నాడు, పిలిస్తే సరిగ్గా పలుకుతున్నాడు అంటే వెంటనే కూర్చోబెట్టండి లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నిలబడనివ్వొద్దు. గోల, లైట్లు లేని చోటికి తీసుకెళ్లండి. నీళ్లు గుక్కగుక్కగా పట్టండి. భయంతో వణికిపోతుంటే చేయి పట్టుకుని "ఇది గంజాయి ఎఫెక్ట్ రా, కాసేపట్లో తగ్గుతుంది, నేనిక్కడే ఉన్నా" అని మెల్లగా, ఎన్నిసార్లయినా చెప్పండి. వీడియో తీయకండి, తీస్తున్నవాళ్లను ఆపండి. ఛాతీలో నొప్పి అంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గంజాయి ఎక్కువై సోలిపోయినవాళ్లు, మద్యం విషమై స్పృహ తప్పినవాళ్లు బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటారు. గంజాయి ఒక్కటే అయితే ఊపిరి ఆగిపోవడం చాలా అరుదు. మద్యంతో ఆగిపోతుంది. "గంజాయి ఎక్కువైందిలే, పడుకుంటే పోతుంది" అని తలుపు దగ్గరికేసి వెళ్లిపోవడం వల్ల ప్రాణాలు పోతాయి. పడుకున్నాక కూడా రక్తంలో మద్యం పెరుగుతూనే ఉండొచ్చు. కింది వాటిలో ఒక్కటి కనిపించినా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. అన్నీ కనిపించాలని ఎదురుచూడకండి.

- గట్టిగా పిలిచినా, భుజం తట్టి కుదిపినా లేవకపోవడం
- నిమిషానికి 8 కన్నా తక్కువ శ్వాసలు, లేదా రెండు శ్వాసల మధ్య 10 సెకన్లకు పైగా విరామం
- పెదాలు, గోళ్లు నీలంగా మారడం, ఒళ్లు చల్లబడటం
- స్పృహ లేకుండానే వాంతి చేసుకోవడం
- ఫిట్స్

అంబులెన్స్ వచ్చేలోగా, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పండి. వెల్లకిలా పడుకున్న మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మీ వైపున్న చేతిని పక్కకు చాపి, మోచేయి దగ్గర మడిచి, అరచేయి పైకి ఉండేలా పెట్టండి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, ఆ చేతి వెనకభాగం మీ వైపు చెంపకు ఆనేలా పట్టుకోండి. రెండో చేత్తో అవతలి మోకాలిని పైకి మడవండి. ఆ మోకాలిని మీ వైపు లాగితే మనిషి మొత్తం పక్కకు తిరుగుతాడు, ఎంత బరువైనా కష్టం కాదు. పైన ఉన్న కాలు మడిచే ఉంచండి. తల కొద్దిగా వెనక్కి వంచి, నోరు నేల వైపు ఉండేలా చూడండి. వాంతి వస్తే బయటికే పోవాలి, గొంతులోకి కాదు. ఇక కదలకుండా అక్కడే కూర్చుని ప్రతి శ్వాసనూ గమనించండి. ఇది మామూలుగా ఉన్న రోజునే ఒకరి మీద ఒకరు చేసి నేర్చుకోండి, ఐదు నిమిషాలు చాలు.

ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో, సుమారు 5 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ఫోన్‌లో ఉన్నవాళ్లు చెప్పినట్టు చేయండి.

నోట్లో వేలు పెట్టి వాంతి చేయించకండి. షవర్ కింద నిలబెట్టడం, నిమ్మరసం పోయడం, బలవంతంగా నడిపించడం కూడా వద్దు. డాక్టర్‌కు నిజం చెప్పండి: ఏమేం తీసుకున్నాడు, సుమారు ఎంత, ఎన్ని గంటలకు, మాత్రలేమైనా ఉన్నాయా. వార్డెన్‌కు తెలుస్తుందేమో, ఇంట్లో తెలుస్తుందేమో అనే భయమే చాలా చోట్ల ఆ ఫోన్ కాల్‌ను ఆలస్యం చేస్తుంది. కొన్ని విశ్వవిద్యాలయాల్లో సాయం కోసం పిలిచినవాళ్ల మీద చర్య తీసుకోకూడదన్న నిబంధన ఉంది. మీ కాలేజీలో ఉందో లేదో ఇవాళే కనుక్కోండి. లేకపోయినా ఫోన్ చేయాల్సిందే.

## 7. బండి

ఇందులో తర్జనభర్జన లేదు. గంజాయి ఒక్కటే తీసుకున్నవాళ్లు కొంత నెమ్మదిగా నడిపి సర్దుకోవాలని చూస్తారు. మందు కలిస్తే ఆ జాగ్రత్త కూడా పోతుంది, మత్తు మాత్రం ఇంకా పెరుగుతుంది. రెండూ తీసుకున్న రాత్రి తాళాలు ఇంకొకరి దగ్గర ఉండాలి. మర్నాడు పొద్దున కూడా, తల దిమ్ముగా ఉంటే నడపకండి. రెండూ తీసుకున్నవాళ్ల వెనక ఎక్కడం కూడా అంతే.

## 8. తగ్గించుకోవాలనిపించినప్పుడు

మీరు రాసుకున్న రెండు వారాల లెక్క ముందు పెట్టుకోండి. కలిపి తీసుకున్న రాత్రులను గమనిస్తే ఒక తీరు కనిపిస్తుంది: ఫలానా గది, ఫలానా స్నేహితుడు, పరీక్ష అయిపోయిన సాయంత్రం. ముందు ఆ ఒక్క సందర్భాన్ని మార్చండి. మనసు లాగినప్పుడు ఆ కోరికతో పోట్లాడకుండా గమనిస్తూ కూర్చోవచ్చని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ చెప్పేవారు. కోరిక పెరుగుతుంది, ఒక స్థాయికి చేరుతుంది, దానంతటదే దిగుతుంది. సాధారణంగా అరగంట లోపే. ఆ అరగంట బయట నడవండి, ఎవరికైనా ఫోన్ చేయండి.

స్నేహితుడి గురించి బెంగగా ఉంటే మత్తులో ఉన్నప్పుడు మాట్లాడకండి, నలుగురిలో అసలొద్దు. మర్నాడు సాయంత్రం ఒంటరిగా దొరికినప్పుడు, చూసింది చూసినట్టు చెప్పండి: "రేయ్, నిన్న నువ్వు పది నిమిషాలు పలకలేదు. నాకు చాలా భయమేసింది. నీకేమైనా గుర్తుందా?" తర్వాత ఆగండి, వాడిని చెప్పనివ్వండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామంటే "నేనూ వస్తా" అనండి.

రోజూ గంజాయి వాడుతూ ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఇబ్బందే కానీ ప్రాణానికి ముప్పు ఉండదు. ఆ చిరాకును తట్టుకోవడానికి మందు పెంచేయకుండా చూసుకోవడమే అక్కడ అసలు పని. గంజాయి ఎక్కువకాలం వాడుతున్నవాళ్లకు పదే పదే వాంతులై, వేడినీళ్ల స్నానం చేస్తేనే ఉపశమనం వస్తుంటే అది గంజాయి వల్ల వచ్చే జబ్బే అయ్యుండొచ్చు. డాక్టర్‌కు ఆ అలవాటు గురించి చెప్పకపోతే అనవసరమైన పరీక్షలు చేయించుకుంటూ తిరగాల్సి వస్తుంది.

మందు సంగతి అలా కాదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి మాట్లాడటం మొదలవ్వచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయంటే, ఒక గ్లాసు పడితే గానీ ఆ వణుకు ఆగడం లేదంటే, మానే తేదీని సొంతంగా పెట్టుకోవద్దు. ముందు డాక్టర్‌ను కలిసి, వాళ్లిచ్చే మాత్రల సాయంతోనే ఆపాలి.